గేముల్లోని కార్లూ డిజైనే, వాటికీ మార్కులు వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో గుంటూరు నుంచి ఒక పెద్దాయన రాసింది చదివాను. ఇంజినీరింగ్ చదివే పిల్లలు రాత్రిళ్లు కంప్యూటర్ల ముందు కూర్చుని, జపాన్ కార్లను చూసి అలాంటివే గీసి, పేర్లు మార్చి వీడియో గేముల్లో పెట్టుకుంటున్నారని, ఇది కాపీయే తప్ప డిజైన్ కాదని ఆయన రాశారు. పిల్లల చదువు ఏమైపోతుందోననే బాధతోనే రాశారని తెలుస్తూనే ఉంది, ఆ బాధను నేను కాదనను. కానీ ఆ పని లోపల ఏముందో ఆయనకు ఎవరూ చూపించినట్టు లేదు. నేను విజయవాడ పటమటలో ఉంటాను, గేముల కోసం వాహనాల త్రీడీ మోడల్స్ చేయడమే నా వృత్తి. అందుకే కాస్త పొడుగైనా సరే ఈ జవాబు రాస్తున్నాను, వీలైతే కత్తిరించకుండా వేయండి.

అసలు గేముల్లో లేని కార్ల కంపెనీలను ఎందుకు పుట్టిస్తారో ముందు చెప్పాలి. 1997లో జపాన్‌లో మొదలైన గ్రాన్ టురిస్మో లాంటి గేములు టయోటా, నిస్సాన్, హోండా లాంటి కంపెనీల అనుమతి తీసుకుని అసలు కార్లనే పెడతాయి. అనుమతి అంటే డబ్బు ఒక్కటే కాదు, ఒప్పందాలు ఉంటాయి, షరతులు ఉంటాయి. ఏ కంపెనీకైనా తన కారు గోడకు గుద్దుకుని నుజ్జునుజ్జయినట్టు, దొంగలు ఎక్కి పారిపోతున్నట్టు తెర మీద చూపిస్తే ఇబ్బందే కదా. అందుకని అలాంటివి చూపించాల్సిన గేములు సొంత కంపెనీలను కల్పించుకుంటాయి. గ్రాండ్ థెఫ్ట్ ఆటో గేముల్లో కారిన్, డింకా, ఆనిస్, మైబాట్సు అని జపాన్ పేర్లలా వినిపించే కంపెనీలు ఉన్నాయి, వాటిలో ఒక్కటీ నిజంగా లేదు. ఆ వరసలో 2004 నాటి శాన్ ఆండ్రియాస్ గేములోనే సుల్తాన్ అనే నాలుగు డోర్ల కారు ఉంది, చూడగానే ర్యాలీల్లో పరిగెత్తిన సుబారు ఇంప్రెజా లాంటి సెడాన్లు, అంటే వెనక విడిగా డిక్కీ ఉన్న కార్లు, గుర్తొస్తాయి.

ఇంకొకటి బీమ్‌ఎన్‌జీ డ్రైవ్ అనే గేము. జర్మనీలోని బ్రెమెన్‌లో ఉన్న చిన్న కంపెనీ తయారుచేస్తుంది. అందులో కారు అంటే పైకి కనిపించే బొమ్మ ఒక్కటే కాదు, లోపల బిందువులు, వాటిని కలుపుతూ కడ్డీలు, అలా అల్లిన ఒక చట్రం ఉంటుంది. కంప్యూటర్ ఆ చట్రం మీద పడే బలాలను సెకనుకు 2000 సార్లు లెక్కేస్తుంది. అందుకే స్తంభానికి గుద్దితే బానెట్ నిజంగా మడత పడుతుంది, చక్రం పక్కకు ఒరుగుతుంది, డోరు సరిగ్గా మూసుకోదు. ఇందులో ఇబిషు అనే ఊహా కంపెనీ ఉంది. దాని పెస్సిమా అనే కారు 1980ల చివర్లో జపాన్ నుంచి వచ్చిన ఫ్యామిలీ సెడాన్‌లా ఉంటుంది. హోండా అకార్డా అంటే కాదు, మిత్సుబిషి గాలంటా అంటే కాదు, మాజ్దా 626 అంటే అదీ కాదు. ఏదో ఒక కారు పేరు చెప్పలేం, కానీ ఏ దేశంలో ఏ కాలంలో పుట్టి ఉండాల్సిన కారో చూడగానే చెప్పేస్తాం. ఆ ఫీలింగ్ రప్పించడానికి ఎంత తెలిసి ఉండాలో పెద్దాయనకు ఒకసారి చూపించాలని ఉంది.

స్పోర్ట్స్ కారు గీయడం నిజానికి తేలిక. కిందికి వంచి, వెడల్పు చేసి, వెనక రెక్క పెడితే ఎవరికైనా నచ్చుతుంది. కష్టమల్లా మామూలు డిక్కీ కారుతోనే. మన బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగిన బళ్లను చూడండి, ఒక్కటీ మనల్ని ఆపి చూడమనదు, కానీ అవన్నీ తీసేస్తే అది బెంజ్ సర్కిల్‌లా ఉండదు. గేములో ఒక ఊరు ఊరులా అనిపించాలంటే ఆ మామూలు కార్లు సరిగ్గా ఉండాలి. ఒక లైను అటూ ఇటూ అయితే చూసేవాడికి ఎందుకో చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తుంది. మామూలుగా కనిపించే వస్తువును కొత్తగా పుట్టించడం అంత కష్టం.

మరి జపాన్ సెడాన్ ఎందుకు అలా ఉంటుంది? ఇదీ మా పనిలో అసలు ప్రశ్న. ఫొటోలు వంద చూసినా దీనికి జవాబు దొరకదు, కారణాలు తెలియాలి. జపాన్‌లో చిన్న కార్ల తరగతి అని ఒకటి ఉంది. పొడవు 4.7 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు, ఇంజిన్ 2000 సీసీ, వీటిలో ఏ ఒక్కటి దాటినా పెద్ద తరగతిలో పడుతుంది, పాత రోజుల్లో అలా పడితే ఏటా కట్టే పన్ను బాగా ఎక్కువ. దాంతో కంపెనీలు ఎక్కువగా వెడల్పులో 1695, 1690 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయేవి. కస్టమర్‌కేమో పెద్ద కారులో కూర్చున్నట్టు ఉండాలి. వెడల్పు పెంచలేరు కాబట్టి పొడవు లాగారు, అద్దాలు నిలువుగా పెట్టారు, డోర్లను పలచగా చేశారు, పక్కనుంచి చూస్తే నిండుగా కనిపించేలా బానెట్ నుంచి డిక్కీ దాకా ఒకే గీత సాగదీశారు. 1980ల జపాన్ కార్లకు ఉన్న ఆ సన్నటి, చతురస్రపు, నీటైన రూపం వెనక డిజైనర్ల ఇష్టం ఎంత ఉందో పన్ను రూలు అంత ఉంది. 1989లో ఆ పన్ను పద్ధతి మారింది, సైజును బట్టి కాకుండా ఇంజిన్‌ను బట్టి పన్ను వేయడం మొదలుపెట్టారు. ఆ మార్పు కార్ల ఒంటి మీద కనిపిస్తుంది. 1989లో వచ్చిన హోండా అకార్డ్ వెడల్పు 1695 మిల్లీమీటర్లు, 1993లో వచ్చిన తర్వాతి అకార్డ్ 1760. ఇప్పుడు ఒక కుర్రాడు నేను 1986 నాటి జపాన్ సెడాన్ గీశాను అని 1780 వెడల్పుతో మోడల్ తెస్తే, లైన్లు ఎంత అందంగా ఉన్నా అది 1986 కారులా ఎప్పటికీ అనిపించదు.

ఇది మన వాళ్లకు కొత్త సంగతి కూడా కాదు. 2006 బడ్జెట్ నుంచి మన దేశంలో 4 మీటర్ల లోపు ఉండి చిన్న ఇంజిన్ ఉన్న కార్లకు పన్ను తగ్గించారు. 2008లో వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ 4160 మిల్లీమీటర్లు ఉండేది, 2012లో వచ్చింది 3995కి కుదించుకుపోయింది. తగ్గిందంతా ఎక్కడ తగ్గింది, డిక్కీలో. ఆ డిజైర్ పొట్టి వెనక భాగాన్ని మనం రోజూ రోడ్డు మీద చూస్తూనే ఉన్నాం, కానీ దాన్ని అలా చెక్కింది బడ్జెట్ అని ఎంతమంది పిల్లలకు చెప్పాం? ఒక వస్తువు రూపం వెనక ఉన్న కారణం వెతకడం మా దగ్గరికి వచ్చే పిల్లలు ఈ గేము కార్ల వల్లే మొదలుపెడుతున్నారు.

ఇంకా ఉన్నాయి. జపాన్‌లో 1983 దాకా సైడ్ మిర్రర్లను డోర్ల మీద పెట్టనిచ్చేవారు కాదు, ముందు మడ్‌గార్డుల మీద, బానెట్‌కు అటూ ఇటూ నిలబడి ఉండేవి. కాబట్టి జపాన్ రోడ్ల మీద తిరిగే 1978 కారు గీస్తే అద్దాలు అక్కడే ఉండాలి. అదే కారు అమెరికాకు పంపించిందైతే అద్దాలు డోర్ల మీదికి వస్తాయి, బంపర్లు ముందుకు పొడుచుకొస్తాయి, ఎందుకంటే 1973 నుంచి అమెరికాలో గంటకు 5 మైళ్ల వేగంతో గుద్దుకున్నా లైట్లు, సేఫ్టీ సామాను దెబ్బతినకూడదన్న రూలు వచ్చింది. నంబర్ ప్లేటు చూడండి. జపాన్ ప్లేటు 330 బై 165 మిల్లీమీటర్లు, మన ప్లేటు 500 బై 120. డిక్కీ మీద ప్లేటు కోసం తీసిన గుంట ఆ కొలతకే ఉంటుంది. మన పిల్లలు చాలామంది జపాన్ కారు అని చెప్పి పొడవాటి గుంట పెడతారు, అది చూడగానే పట్టుబడిపోతుంది. జపాన్ కార్లలో ఇండికేటర్ లీవరు స్టీరింగ్‌కు కుడి పక్కన ఉంటుంది. స్పీడు గంటకు 180 కిలోమీటర్ల దగ్గర కట్ అయిపోతుంది. పవర్ 280 హార్స్ పవర్ దాటకూడదని 1989 నుంచి కంపెనీలు తమలో తాము ఒక మాట అనుకున్నాయి, ఆ గీత దాటింది 2004లో హోండా లెజెండ్, అదీ ఒక సెడానే, 300తో వచ్చింది. గేములో 1995 నాటి జపాన్ సెడాన్ తయారుచేసి స్పెసిఫికేషన్ షీటులో 340 అని రాస్తే, తెలిసినవాళ్లు నమ్మరు. రాయకూడదని రూలేమీ లేదు, రాస్తే అది గ్యారేజీలో ఎవరో మార్పులు చేయించిన బండి అని కథ కూడా రాయాలి.

1985లో టయోటా కరీనా ఈడీ వచ్చింది. నాలుగు డోర్ల కారే, కానీ పైకప్పు బాగా కిందికి దించి, అద్దాల మధ్య స్తంభమే లేకుండా చేశారు. వెనక కూర్చుంటే తల తగులుతుంది. అయినా జనం ఎగబడి కొన్నారు, మిగతా కంపెనీలు కూడా అదే దారి పట్టాయి. నాకు చాలా ఇష్టమైన కారు అది. ఆ కాలపు జపాన్‌లో డబ్బు ఎలా పారిందో ఆ పైకప్పు చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా వీధికి దగ్గర్లోనే ఉండే ఒక అబ్బాయి, మెకానికల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు, పేరు రాయను. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఒక ఊహా జపాన్ కంపెనీని, దాని మూడు తరాల సెడాన్లను డిజైన్ చేస్తానన్నాడు. ముందు కంపెనీ చరిత్ర రాశాడు. జపాన్ కార్ల కంపెనీలు చాలా వరకు వేరే పనుల్లోంచి వచ్చినవే, టయోటా మగ్గాల తయారీలోంచి వచ్చింది, సుజుకీ కూడా 1909లో మగ్గాలతోనే మొదలైంది, మాజ్దా 1920లో బెరడు బిరడాల కంపెనీగా పుట్టింది, సుబారు వెనక విమానాల ఫ్యాక్టరీ ఉంది. ఇదంతా చదివి వీడు తన కంపెనీని ఒక రేవు పట్నంలో నీళ్ల పంపులు తయారుచేసే షెడ్డుగా పుట్టించాడు. పంపుల వాళ్లు కాబట్టి పోత ఇనుము పని బాగా వచ్చు, రేకు పని రాదు, అందుకని వాళ్ల మొదటి కారు, 1967 మోడల్, మొద్దుగా, తక్కువ వంపులతో ఉంటుంది అని రాసుకున్నాడు. రెండోది 1978, మూడోది 1986. మూడింటికీ చుట్టరికం కనిపించాలని వెనక లైట్లలో ఒక చిన్న నిలువు మెట్టు పెట్టాడు, తరం మారినా ఆ మెట్టు పోదు. నిస్సాన్ స్కైలైన్‌కు 1972 నుంచి దశాబ్దాల పాటు గుండ్రటి వెనక లైట్లు ఎలా గుర్తుగా నిలిచిపోయాయో చూసి నేర్చుకున్న సంగతి అది. గుండ్రటి లైట్లు మాత్రం ఎత్తుకురాలేదు, ఒక గుర్తును తరాల పాటు కాపాడుకోవడం అనే పద్ధతి ఒక్కటే తెచ్చుకున్నాడు. పెద్దాయన అడిగిన కాపీకి, నేర్చుకోవడానికి మధ్య గీత నాకు ఇక్కడ కనిపిస్తుంది.

నేను చూసి ఇచ్చిన సలహా ఒకటే, లాప్‌టాప్ పట్టుకుని ఆటోనగర్ వెళ్లమన్నాను. పటమట నుంచి ఎంత దూరం. మన ఆటోనగర్ లారీ బాడీలకు ఎంత పేరున్నదో మీ పాఠకులకు చెప్పక్కర్లేదు, కానీ అక్కడ కార్ల టింకరింగ్ చేసే మేస్త్రీల చేతుల్లో ఉన్న జ్ఞానం గురించి ఎవరూ రాయరు. నాకు తెలిసిన ఒక మేస్త్రీ, అరవై దాటిన మనిషి, యాక్సిడెంట్ అయిన బళ్లను సుత్తితో, దిమ్మతో తిరిగి రూపంలోకి తెస్తారు. ఈ అబ్బాయి వెళ్లి 1986 కారు చూపించాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పించి చూసి, "బాబూ, నీ ముందు డోరు తెరుచుకోదు" అన్నారు. ఎందుకంటే వీడు డోరు ముందు అంచును అందం కోసం వంపు తిప్పాడు. డోరుకు రెండు బందులు ఉంటాయి, అవి రెండూ ఒకే తిన్నని గీతలో ఉంటేనే డోరు తిరుగుతుంది, అంచు ఆ గీతను దాటి బయటికి వంగితే తెరిచేటప్పుడు మడ్‌గార్డుకు తగులుకుంటుంది. కంప్యూటర్‌లో డోరు ఎప్పుడూ మూసే ఉంటుంది కాబట్టి వీడికి తట్టలేదు.

తర్వాత బానెట్ చూశారు. "ఇంత చదునుగా పెడితే ఎండకు డబడబలాడుతుందయ్యా, కాస్త పొట్ట ఇయ్యి" అన్నారు. చదును రేకు వేలితో నొక్కితే లోపలికి పోయి బయటికి వస్తుంది, దానికి కొంచెం ఉబ్బు ఇస్తేనో, మధ్యలో ఒక గీత నొక్కితేనో బిగువు వస్తుంది. కార్ల పక్కన డోర్ల మీద పొడవుగా సాగే గీతలు చూస్తాం కదా, అవి చూడ్డానికి అందమే, కానీ రేకు ఊగకుండా పట్టి ఉంచేవి కూడా అవే. డిక్కీ మూల దగ్గర వీడు మరీ లోతైన వంపు పెడితే, "ఒక్క దెబ్బలో ఇంత లోతు లాగితే రేకు చిరుగుద్ది, రెండు ముక్కలు చేసి అతకాలి, అతికితే అతుకు కనపడాలి, నీ బొమ్మలో అతుకేది?" అని అడిగారు. 1967 కారుకు పైకప్పు అంచున వాన నీళ్లు జారే కాలువ లేదని కూడా ఆయనే పట్టారు. పాత అంబాసిడర్‌కు, ఫియట్‌కు ఉండేది కదా, తలుపు తీస్తే నీళ్లు నెత్తిన పడకుండా, అది. ఆ కాలపు కార్లలో చాలావాటికి ఉండేది. వీడు పుట్టేసరికి ఆ కాలువ కొత్తగా వచ్చే కార్ల మీద నుంచి దాదాపు మాయమైపోయింది, వీడు గమనించి ఉండే అవకాశం తక్కువ.

ఆ ఒక్క సాయంత్రం షెడ్డులో వీడికి తెలిసినంత రేకు సంగతి మూడేళ్ల క్లాసుల్లో తెలియలేదని వాడే అన్నాడు. క్లాసులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పుస్తకంలో షీట్ మెటల్ చాప్టర్ ఉంది, వాడు చదివాడు, పరీక్ష రాశాడు, మంచి మార్కులే వచ్చాయి. కానీ తన కారు డోరు తెరుచుకోవాలి అనే అవసరం వచ్చినప్పుడే ఆ చాప్టర్ వాడిదైంది. ఇంటికొచ్చి డోరు అంచును సరిచేశాడు, అది సరిచేస్తే మడ్‌గార్డు మారింది, మడ్‌గార్డు మారితే చక్రం మీద వంపు మారింది, అది మారేసరికి కారు మొత్తం ముందున్నదానికంటే ఎంతో బాగా కుదిరింది. నేను చెప్పిన ఏ సలహా వల్లా అంత మార్పు రాలేదు.

తర్వాత జరిగింది రాయడానికి నాకు బాధగా ఉంది. మొదటి రివ్యూలో ఆ కాలేజీ ప్యానెల్, కాలేజీ పేరు కూడా వద్దు, ప్రాజెక్టును పక్కన పెట్టేసింది. "రోడ్డు మీద తిరగని కారుకు ప్రాజెక్టు ఏంటి, గేములు ఆడుకోవడం ఇంట్లో చేసుకో" అన్నారట. దాని బదులు ఎప్పటినుంచో సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వస్తున్న ఒక రిపోర్టును కవరు మార్చి పెట్టుకోమని తోటివాళ్లు సలహా ఇచ్చారు. ఎడిటర్ గారూ, పెద్దాయన కాపీ అని బాధపడ్డారే, అసలైన కాపీ అక్కడ జరుగుతోంది. మూడు తరాల కార్లను కొలతలతో, కారణాలతో, చరిత్రతో కట్టుకొచ్చిన పిల్లవాడికి మార్కుల్లేవు, పాత రిపోర్టు అట్ట మార్చినవాడికి ఉన్నాయి. నాకు నిద్ర పట్టనిది దీనికే.

పెద్దాయన మాటలో నిజం ఉన్న చోటు కూడా చెప్పాలి. వేరే గేములోంచి ఎవరో చేసిన మోడల్‌ను దొంగతనంగా లాగేసి, ముందు గ్రిల్ మార్చి, కొత్త పేరు పెట్టి నాదే అని చెప్పుకునేవాళ్లు ఉన్నారు. అసలు కంపెనీ లోగోను తలకిందులు చేసి అతికించేవాళ్లు ఉన్నారు. అది దొంగతనమే, దాన్ని నేను సమర్థించను. చట్టం కూడా ఉంది. కంపెనీ పేర్లు, గుర్తులు ట్రేడ్‌మార్కులు. కారు రూపాన్ని కూడా డిజైన్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు, మన డిజైన్ల చట్టం 2000 ప్రకారం పదేళ్లు, పొడిగిస్తే ఇంకో అయిదేళ్లు రక్షణ ఉంటుంది, జపాన్‌లో 2020 సవరణ తర్వాత దరఖాస్తు నుంచి 25 ఏళ్లు. ఈ సంగతులు పిల్లలకు ఎవరు చెప్పాలి? పనిని నిషేధిస్తే చెప్పే అవకాశమే పోతుంది. ప్రాజెక్టుగా ఒప్పుకుంటే ఏ కారు నుంచి ఏం తీసుకున్నావు, ఎందుకు తీసుకున్నావు, నీది ఏది అని ఎదురుగా కూర్చోబెట్టి అడగొచ్చు. నా దగ్గరికి వచ్చే ఎవరినైనా నేను మొదట అడిగేది అదే. ఒకే కారు ఫొటో పెట్టుకుని గీస్తే అది ఆ కారే అవుతుంది. ఒకే కాలానికి చెందిన అయిదారు కార్లు, వాటి కొలతలు, అప్పటి రూళ్లు, ఆ దేశపు రోడ్లు ముందు పెట్టుకుని ఇవన్నీ తెలిసిన ఇంకో కంపెనీ ఉంటే ఏం చేసేది అని అడిగితే అప్పుడు కొత్తది పుడుతుంది.

ఇంకో మాట. జపాన్ వాళ్లు ఈ సెడాన్లను ఆకాశం నుంచి తెచ్చుకోలేదు. యుద్ధం తర్వాత 1950ల్లో నిస్సాన్ ఇంగ్లండ్ వాళ్ల ఆస్టిన్ కార్లను లైసెన్సు మీద తయారుచేసింది, ఇసుజు హిల్‌మన్ మింక్స్‌ను, హినో ఫ్రాన్స్ వాళ్ల రెనో 4సీవీని తయారుచేశాయి. టయోటా మాత్రం విదేశీ కంపెనీతో అలా కలవకుండా 1955లో క్రౌన్ తెచ్చింది. ఇంకొకరి కారును బోల్టు బోల్టూ విప్పి బిగించి నేర్చుకున్న నిస్సాన్ లాంటి కంపెనీయే తర్వాత ప్రపంచం మెచ్చిన సెడాన్లు చేసింది. మన దేశంలోనూ అదే కాలంలో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అంబాసిడర్ అయింది, తర్వాత వాక్స్‌హాల్ విక్టర్ కాంటెస్సా అయింది, ఆ కాంటెస్సాకు ఇసుజు ఇంజిన్ పెడితే జనం ఎంత ఇష్టపడ్డారో మా నాన్నగారి తరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. మనం ఎక్కడ ఆగిపోయామంటే, తయారుచేయడం నేర్చుకున్నాం కానీ సొంతంగా ఊహించడం నేర్చుకోలేదు. ఊహించడం చిన్నప్పటి నుంచి అలవాటు కావాలి, దానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు, కోట్ల పెట్టుబడి అక్కర్లేదు. త్రీడీ మోడల్స్ చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు.

మన ఊళ్ల వాళ్లకు జపాన్ సెడాన్లు దూరపు చుట్టాలేం కాదు. 1998లో మొదటి హోండా సిటీ వచ్చినప్పుడు బందరు రోడ్డు మీద అది వెళ్తుంటే ఆగి చూసినవాళ్లు ఉన్నారు. అదే ఏడాది మిత్సుబిషి లాన్సర్ వచ్చింది, చెన్నై పక్కన తిరువళ్లూరులో తయారైంది. 2003లో కరోలా వచ్చింది. అవి చూస్తూ పెరిగిన పిల్లలే ఈ రోజు 1990ల జపాన్ సెడాన్ ఊహించి గీస్తున్నారు. వాళ్లకు అది మామయ్య కారు, డాక్టరు గారి కారు, పెళ్లిళ్లకు అడిగి తెచ్చుకున్న కారు. ఆ ఇష్టాన్ని చదువులోకి మళ్లించుకోకపోతే పోగొట్టుకునేది మనమే.

కాబట్టి మీ పత్రిక ద్వారా కొన్ని అడుగుతున్నాను. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల మెకానికల్, కంప్యూటర్ విభాగాల పెద్దలు ఇలాంటి పనిని ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఒప్పుకోవాలి. కష్టమైన ప్రశ్నలే అడగండి, కొలతలు ఎక్కడివి, డోరు తెరుచుకుంటుందా, చక్రం పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకు తగులుతుందా, బరువు ముందుకెంత వెనక్కెంత, ఏ రూలును బట్టి ఈ బంపర్ ఇలా ఉంది అని. జవాబు చెప్పలేకపోతే మార్కులు తగ్గించండి, కానీ అడగకుండానే గేము అని తోసేయకండి. కాలేజీ ల్యాబుల్లో గ్రాఫిక్స్ పని చేయగల కంప్యూటర్లు సాయంత్రం అయిదు తర్వాత తాళాల వెనక ఉంటున్నాయి, ఇంట్లో అలాంటి కంప్యూటర్ కొనలేని పిల్లలే ఎక్కువ, ఆ ల్యాబులు రాత్రి ఎనిమిది దాకానైనా తెరిచి ఉంచాలి. నాగార్జున యూనివర్సిటీ ప్రాంగణంలో మొదలైన ఎన్ఐడీ లాంటి జాతీయ డిజైన్ సంస్థ మన పక్కనే ఉంది, అక్కడి అధ్యాపకులు ఏడాదికి ఒకసారి బయటి కాలేజీల పిల్లల పని చూసి తప్పొప్పులు చెబితే ఎంతో మేలు. ఆటోనగర్ మేస్త్రీలను కూడా రివ్యూ ప్యానెల్లో కూర్చోబెట్టమని అడుగుతున్నాను, వాళ్లకు రోజు కూలి, కుర్చీ, గౌరవం ఇచ్చి మరీ పిలవాలి. డిగ్రీ లేదని ఆ అనుభవాన్ని గేటు బయట నిలబెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఇది చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని నేను అబద్ధం చెప్పను. ఈ రంగంలో పోటీ ఉంది, కంపెనీలు ఒక్కోసారి మూతపడతాయి. కానీ గేములకు వాహనాలు చేసే చెయ్యి యానిమేషన్‌కు, ప్రకటనలకు, కార్ల కంపెనీల డిజైన్ విభాగాలకు, ఆర్కిటెక్చర్ బొమ్మలకు కూడా పనికొస్తుంది. మీ అబ్బాయో అమ్మాయో తెర ముందు కూర్చుని ఉంటే ఆడుతున్నారా, కడుతున్నారా అని ఒకసారి పక్కన కూర్చుని చూడండి. కడుతుంటే ఈ కారు వెడల్పు ఎంత, ఎందుకంత అని అడగండి. చెప్పగలిగితే వాళ్లు చదువుతున్నట్టే లెక్క.

గుంటూరు పెద్దాయన ఈ ఉత్తరం చదివితే, వీలు చూసుకుని ఒక ఆదివారం కాని రోజు ఆటోనగర్ రమ్మని నా మనవి, ఆదివారం షెడ్లు మూసి ఉంటాయి. ఆ మేస్త్రీ, ఆ అబ్బాయి, నేను ముగ్గురం ఉంటాం. మూడు కార్లూ చూపిస్తాం, ఆయన నడిపిన కార్ల గురించి మేమూ అడిగి తెలుసుకుంటాం, 1967 మోడల్ డాష్‌బోర్డు ఇంకా పూర్తి కాలేదు, ఆ కాలపు బళ్లలో కూర్చున్నవాళ్లు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. మీ ఆఫీసుకు ఫోన్ చేసి ఆయన ఒప్పుకుంటే నా నంబరు ఆయనకు ఇవ్వండి. అబ్బాయి రెండో రివ్యూ వచ్చే నెల రెండో వారంలో ఉంది, ఈ ఉత్తరం అంతకంటే ముందే వేస్తే ఆ ప్యానెల్ వాళ్లు కూడా చదువుతారు.

ఇట్లు,
గేమ్ వాహనాల త్రీడీ ఆర్టిస్ట్,
పటమట, విజయవాడ